కర్త తాగొచ్చిన రోజు

నాలుగో బిందె కూడా వాడి తల మీద కుమ్మరించాను. వాడు కళ్లు తెరవలేదు.

నూతి గట్టుకి చేరేసి కూర్చోబెడితే పక్కకి జారిపోయాడు. జంధ్యం మెడకి చుట్టుకుపోయింది. మార్గశిర మాసం. నీళ్లు నా చేతులకే జివ్వుమంటున్నాయి. అయినా అయిదో బిందె తోడాను.

"తల మీద పొయ్యండి అల్లుడు గారూ. ఒళ్లంతా తడవందే స్నానం కాదు," అంది వెనక గుమ్మంలోంచి మా అత్తగారు దుర్గాంబ.

"తల మీదే పోస్తున్నాను."

"చూస్తూనే ఉన్నాను లెండి. భుజాల మీద పోసి తల మీద పోశానంటున్నారు."

ఆవిడకి డెబ్భై ఏళ్లు. ఆవిడ కూతురు, నా భార్య సూర్యకుమారి పోయి ఇవాళ్టికి ఏడాది. సంవత్సరీకాలు. ముందు అరుగు మీద పురోహితుడు సుబ్రహ్మణ్యం గారూ, తద్దినం భోజనం చెయ్యవలసిన భోక్తలిద్దరూ వచ్చి కూర్చున్నారు. లోపల మా దాయాదుల కోడలు సీతారత్నం మడితో వంట చేస్తోంది. అపరాహ్నం దాటకుండా పిండాలు పడాలి. పెట్టవలసిన కర్త మాకున్న ఒక్క కొడుకు, శంకరం. పదిహేడేళ్లవాడు. అమలాపురంలో ఇంటర్ రెండో ఏడు.

వాడు తెల్లారగట్ల కాలవకి స్నానానికి వెళ్తున్నానని చెప్పి వెళ్లి, మా కొబ్బరితోటలో నీళ్ల బోదె పక్కన తాగి పడిపోయాడు.

మా తోటలో కొబ్బరికాయల దింపులు తీసే సత్తిబాబు వాణ్ణి భుజాన వేసుకుని పెరటి దారిన తెచ్చి పడేశాడు. తెచ్చినవాడు వెళ్లిపోకుండా దడి పక్కనే నిలబడ్డాడు.

"దారిలో ఎవరన్నా చూశారా?" అన్నాను.

"లేదండి బాబుగారూ."

"ఎవరితోనూ అనకు."

"ఆయ్. అననండి."

"కల్లా, సారానా?" అని అడిగింది దుర్గాంబ, మొహం పక్కకి తిప్పుకుని.

"సారాయండి అమ్మగారూ. కల్లయితే ఈపాటికి లేసి పాటలెత్తుకునేవోడండి." ఎవరూ నవ్వకపోయేసరికి వాడు తల గోక్కున్నాడు. "మరీ అన్ని నీళ్లు పొయ్యకండి బాబుగారూ. సారా తాగినోడికి సన్నీళ్లు పడవండి. లోపల్నించి సల్లబడిపోతాడు. మా బావమరిదిని ఇలాగే తడిపేసి..."

"నీ బావమరిది తద్దినం పెట్టక్కర్లేదు. వీడు పెట్టాలి. నువ్వు వెళ్లు."

వాడు వెళ్లాడు. దడి దాటాక సైకిలు తీసిన చప్పుడు వినిపించింది.

అయిదో బిందె పడగానే శంకరం వాంతి చేసుకున్నాడు. నా కాళ్ల మీద పడింది. చెంప మీద కొట్టాను. తెలివి తెప్పించడానికి కొట్టానని చెప్పుకోవచ్చు. కోపంతోనే కొట్టాను.

"కొట్టకండి. పోనీండి, కక్కేశాడు. ఇంక లోపలేమీ లేదు," అంది దుర్గాంబ. ఆవిడ గొంతులో కొంచెం ఆశ వినిపించింది. "రాత్రి నుంచీ ఉపవాసమేగా. తల తుడిచి, మడిబట్ట కట్టబెట్టి, గంటసేపు పడుకోబెడితే లేచి కూర్చుంటాడు. ప్రాయశ్చిత్తం ఏదన్నా ఉంటే తరవాత చేయిద్దాం."

"సుబ్రహ్మణ్యం గారితో ఏమని చెప్పమంటారు?"

"పైత్యం చేసిందని చెప్పండి. అబద్ధాలు చెప్పడం మీకు కొత్తా?"

వాణ్ణి ఎత్తి పెరటి పంచలో చాప మీద వేశాను. లోపల్నుంచి దుప్పటి తెచ్చి కప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది మైలది. మడిపంచె ఒక్కటే ఉండాలి వాడి ఒంటి మీద."

మడిపంచె ఇంకా సరిగా ఆరలేదు. అదే చుట్టాను.

నడవలోంచి సుబ్రహ్మణ్యం గారి గొంతు వినపడింది. "అబ్బాయి తయారయ్యేడాండి?"

నేను పరుగున వెళ్లి నడవ తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. "కొంచెం పైత్యం చేసిందండి. స్నానం అయింది. వస్తాడు."

"ఆయ్, ఉపవాసం కదండీ. చిన్నవాడు. తొందరేం లేదండి, రెండున్నర దాకా ఉంది." ఆయన వెనక్కి తిరగబోయి ఒక్క క్షణం ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. నా కాళ్ల వైపు చూశాడు. ఏమీ అనకుండా అరుగు మీదికి వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేసరికి శంకరం పెదవులు కదుపుతున్నాడు.

"దాహం... అమ్మా, దాహం."

చెంబు అందుకున్నాను. దుర్గాంబ గుమ్మం దిగి వచ్చింది. నా చేతిని తాకకుండా చెంబు అంచు పట్టుకుంది.

"నోట్లో చుక్క పడిందంటే వాడు కర్త కాడు."

"సారా పడిందిగా."

"అది వాడు తెలియక చేసిన పాపం. ఇది మనం తెలిసి చేసేది."

"వాడికి దాహం వేస్తోంది."

"నా కూతురికి ఏడాదిగా వేస్తోంది. కొడుకు చేతి నీళ్ల కోసం చూస్తోందది. ఒక్క రెండు గంటలు ఆగలేరా మీరు?"

చెంబు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. నేను లాక్కోలేదు. ఆవిడ చెప్పింది నాకు అన్యాయమని తోచలేదు. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది. కొడుకు తాగి తల్లి తద్దినం ఎగ్గొట్టాడని ఊళ్లో చెప్పుకుంటారు. అది నేను పడలేను.

ఇద్దరం చాపకి అటూ ఇటూ కూర్చున్నాం.

"నిన్న మీరు నోరు అదుపులో పెట్టుకునుంటే వీడికీ గతి పట్టేది కాదు," అంది ఆవిడ.

"మొదలెట్టింది ఎవరు?"

"దాన్ని అన్యాయంగా చంపుకున్నామన్నాను. తప్పా? దానికి మీరేమన్నారు? వైద్యానికొచ్చిన సత్యానందాన్ని వాకిట్లో ఆపింది మీరు కాదా అన్నారు. అబ్బాయి నడవలో ఉన్నాడని కూడా చూసుకోలేదు."

"ఆపలేదా మరి?"

"ఆపేను. పేట మనిషి నా కూతురి చెయ్యి పట్టుకోడానికి వీల్లేదన్నాను. కాదనను. వాకిట్లో ఆపినంత వరకే నేను. అల్లుడు గారూ, అంత వరకే."

నేను లేచి వెళ్లి నూతి దగ్గర కాళ్లు కడుక్కున్నాను.

పోయినేడు ఇదే తిథికి ముందు సాయంత్రం సూర్యకుమారికి జ్వరం పెరిగి ఒళ్లు కొయ్యబారిపోతోంటే, కబురు ఎవరు చెప్పారో గాని, ఊళ్లో వైద్యం చేసే ఆర్.ఎం.పి. డాక్టరు సత్యానందం సంచీ పుచ్చుకుని మా వాకిట్లోకి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్లిపోయాడు. పొద్దున్న మొదటి బస్సుకి అమలాపురం తీసుకెళ్దామనుకున్నాం. ఆ బస్సు వచ్చేవేళకి పాడె కడుతున్నారు. హాస్టల్లో ఉన్న శంకరానికి, డాక్టరుని పిలిచే వ్యవధి లేకపోయిందని చెప్పాం. ఏడాదిపాటు వాడు అదే నమ్మాడు. నిన్న సాయంత్రం దాకా.

"అల్లుడు గారూ."

ఆ పిలుపు వేరుగా ఉంది. వెనక్కి తిరిగాను.

శంకరం గురక పెడుతున్నాడు. గురక కాదు, గొంతులో నీళ్లున్నట్టు గరగర. పెదవులు నల్లబడ్డాయి. చెయ్యి పట్టుకుంటే నూతి చేద పట్టుకున్నట్టు చల్లగా ఉంది. గోళ్లు నేరేడుపండు రంగు తిరిగాయి.

"శంకరం. ఒరేయ్ శంకరం."

భుజం పట్టి ఊపాను. తల అటు వాలింది, ఇటు వాలింది. ఈసారి కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

దడి అవతల సైకిలు బెల్లు మోగింది. ముందు సత్తిబాబు దిగాడు. వెనక కేరియరు మీంచి సత్యానందం దిగాడు. తెల్ల చొక్కా, తోలు సంచీ. దడి తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు.

"నిన్నెవరు తీసుకురమ్మన్నారురా?" అన్నాను సత్తిబాబుతో.

"ఎవరూ అనలేదండి. సూడలేకపోయేనండి," అని వాడు సైకిలు వెనక్కి తగ్గాడు.

సత్యానందం లోపలికి అడుగు వెయ్యలేదు. "పోయినేడు పిలవకుండానే వచ్చేనండి. ఈసారి పిలిస్తేనే వస్తాను."

"కాలు పెట్టకు నాయనా, దణ్ణం పెడతాను," అంది దుర్గాంబ. నిజంగానే చేతులు జోడించింది. "ఇవాళ తద్దినం. నువ్వు పెరట్లోకొస్తే వంటంతా పారబోసుకోవాలి. మళ్లీ వండే పొద్దు లేదు."

"ఆయ్, తెలుసండి. అందుకే ఇక్కడున్నాను." ఆయన దడి మీంచి చూశాడు. చూసినకొద్దీ మొహం మారింది. "వెల్లకిలా పడుకోబెట్టేరేంటండీ! పక్కకి తిప్పండి. మళ్లీ కక్కితే ఊపిరాడక పోతాడు. తిప్పండి ముందు."

తిప్పాను. నోట్లోంచి పసరు కారింది. గరగర కాస్త తగ్గింది.

"ఆ తడిబట్ట తీసి దుప్పట్లు కప్పండి. కడుపులోకి ఏదన్నా వెళ్లి ఎంతసేపయింది?"

"నిన్న మధ్యాహ్నం భోజనం."

"నిన్న మధ్యాహ్నమా! ఖాళీ కడుపున సారా, దాని మీద చన్నీళ్లు." ఆయన ఆ పైన తిట్టబోయి మింగాడని నాకు తెలిసింది. "ఒంట్లో చక్కెర పడిపోయుంటుంది. గ్లూకోజు ఎక్కించాలి. ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదండి."

"ఎక్కించడమంటే నోట్లోంచేనా?" అంది దుర్గాంబ.

"తెలివి లేనివాడికి నోట్లో పొయ్యకూడదండి. సూదితో. నరంలోకి."

దుర్గాంబ నా వైపు తిరిగింది. "అడగండి సుబ్రహ్మణ్యం గారిని. సూది వేస్తే ఉపవాసం పోతుందేమో కనుక్కోండి."

కొడుకు నల్లబడిపోతున్నాడు. అయినా ఆ ప్రశ్న ఒక్క క్షణం నాకూ సబబుగానే తోచింది. నా సంగతి అది.

అడగక్కర్లేకపోయింది. సుబ్రహ్మణ్యం గారు గుమ్మంలో ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. చాప వైపు చూశారు. దడి వైపు చూశారు.

"శాస్త్రంలో సూది ప్రస్తావన లేదమ్మా," అన్నారాయన మెల్లిగా. "సారా ప్రస్తావన ఉంది."

వంటింట్లో గారెలు వేగుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

"రావయ్యా," అన్నాను దడి వైపు చూస్తూ.

సత్యానందం కదల్లేదు. "ఎవర్నండీ?"

చిన్నప్పట్నుంచీ నేను ఆయన్ని ఏకవచనంలోనే పిలిచాను. ఆయన పేరు చివర ఇంకోటి చేర్చవలసి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"సత్యానందం గారూ. లోపలికి రండి."

ఆయన దడి తలుపు తోసుకుని వచ్చాడు. దుర్గాంబ కొంగు బిగించుకుని గోడకి అతుక్కుపోయింది. "సీతారత్నం, పొయ్యి ఆర్పెయ్యి. అయిపోయింది," అని లోపలికి ఒక్క కేక వేసింది. గారెల చప్పుడు ఆగిపోయింది.

సత్యానందం చాప మీదే మోకాళ్ల మీద కూర్చుని శంకరం చెయ్యి తన తొడ మీదికి తీసుకున్నాడు. మోచేతి మడతలో వేలితో కొట్టాడు. నరం దొరకలేదు. ఒకసారి గుచ్చాడు, తప్పింది. రెండోసారి తప్పింది.

"గట్టిగా పట్టుకోండి. వణక్కండి," అన్నాడు నాతో.

"నేను వణకడం లేదు."

"అయితే చెయ్యెందుకు ఊగుతోందండీ? ఆ పై నుంచి నొక్కండి."

మూడోసారి సిరంజిలోకి నెత్తురు వచ్చింది. ఆయన మందు మెల్లిగా ఎక్కించాడు. నేను వాడి గోళ్ల వైపే చూస్తూ కూర్చున్నాను. దుర్గాంబ గోడ దగ్గర ఏదో స్తోత్రం మొదలుపెట్టి, సగంలో మరిచిపోయి, మళ్లీ మొదటికొచ్చింది.

శంకరం కళ్లు తెరిచాడు. ముందు సత్యానందాన్ని చూశాడు.

"నా పేరేంటి బాబూ?" అన్నాడు ఆయన.

"డాక్టరు గారు."

"చాల్లే. నువ్వు దొరికేవు." ఆయన చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు పంచదార నీళ్లు. వెచ్చగా. కొంచెం కొంచెం తాగించండి."

సీతారత్నం వంటింటి గడప మీద గ్లాసు పెట్టి లోపలికి తప్పుకుంది. అందుకోబోతే దుర్గాంబ అడ్డం నిలబడింది. ఈసారి తాకడానికి కూడా వెనకాడలేదు. నా మణికట్టు పట్టుకుంది.

"బతికేడుగా. ఇంకో గంట ఆగండి. నోట్లో మాత్రం పొయ్యకండి. మీ కాళ్లు పట్టుకుంటాను, నా పిల్లకి ఇవాళ తిండి లేకుండా చెయ్యకండి."

"పక్కకి తప్పుకోండి."

"తప్పుకోను."

ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను. అల్లుడు అత్తగారి చెయ్యి అలా పట్టుకోకూడదు. పట్టుకున్నాను. గ్లాసు తీసుకెళ్లి వాడి నోటికి అందించాను. వాడు మూడు గుక్కలు తాగాడు. దుర్గాంబ గుమ్మంలో కూలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సుబ్రహ్మణ్యం గారు గొంతు సవరించుకున్నారు.

"భోక్తలు వెళ్లిపోతామంటున్నారండి. నేనే ఆపేను. ఒక దారుంది. వంట పోయింది కాబట్టి బియ్యం, కూరలు ఇచ్చి ఆమశ్రాద్ధం చేద్దాం. కర్త అశక్తుడైతే దర్భ ఇచ్చి ఇంకొకరిచేత చేయించొచ్చు. కాని వాడే తన చేత్తో ఇవ్వాలి. నా బదులు మీరు చెయ్యండని నోటితో అనాలి."

దుర్గాంబ చప్పున తలెత్తింది. "తండ్రి ఉన్నాడుగా." నన్ను చూడకుండానే అంది. "వెళ్లండి. స్నానం చేసి రండి. నిలబడ్డారేం?"

రెండు బిందెలు తల మీద పోసుకుని, తడి పంచెతో వచ్చి వాడి ముందు కూర్చున్నాను. సుబ్రహ్మణ్యం గారు దర్భ వాడి వేళ్ల మధ్య పెట్టారు. నేను చెయ్యి చాపాను.

వాడు నా చేతిని చూశాడు. ఇంకా కళ్లు ఎర్రగానే ఉన్నాయి, మాట తడబడుతోంది. తెలివి మాత్రం వచ్చేసింది.

"నాన్నా, ఆ రోజు నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లోనే."

"అమ్మ దగ్గరేనా?"

"ఆ."

"డాక్టరు గారు వచ్చినప్పుడు కూడానా?"

"ముందు దర్భ ఇయ్యి. పొద్దు పోతోంది."

వాడి చెయ్యి లేచింది. నన్ను దాటి పక్కకి వెళ్లింది. సత్యానందం మందు సీసా గుడ్డలో చుట్టుకుంటున్నాడు.

"మీరు తీసుకోండి డాక్టరు గారూ. మా అమ్మ కోసం వచ్చింది మీరొక్కరే."

"రామ రామ," అన్నారు సుబ్రహ్మణ్యం గారు. "అలా కుదరదు నాయనా."

"నాకెందుకు బాబూ అవి," అన్నాడు సత్యానందం. "మీ నాన్నగారికియ్యి."

"అయితే ఎవరికీ ఇవ్వను."

వాడు దర్భని పిడికిట్లో మూసుకుని చెయ్యి దుప్పటి కిందకి లాక్కున్నాడు. నా కోపం నెత్తికెక్కింది. ఆ పిడికిలి పట్టుకోబోయాను. అప్పుడు దుర్గాంబ లేచింది. తడి నేల మీద నడిచి వచ్చి, సత్యానందానికి జానెడు దూరంలో, మనవడి తల దగ్గర కూర్చుంది.

"శంకరం, ఇటు చూడు. ఆయన్ని పంపేసింది నేను. వాకిట్లో ఆపింది నేను, వెళ్లిపొమ్మన్నది నేను. మీ నాన్నకి తెలియనే తెలియదు. లోపల మీ అమ్మకి విసురుతున్నాడు. నన్ను తిట్టు, నా మొహం చూడకు. రేపే వెళ్లిపోతాను మా ఊరు. దర్భ మాత్రం మీ నాన్నకియ్యి. దాని కడుపు మాడ్చకు."

నన్ను ఏళ్ల తరబడి ద్వేషించిన మనిషి. నాకోసం కాదు. కూతురి మూడు ముద్దల కోసం ఆ నింద నెత్తిన వేసుకుంది.

ఆవిడ వాకిట్లో ఆపిన మాట నిజం. ఆపి, ఏం చెయ్యమంటారని లోపలికి కేకేసి అడిగింది. పంపెయ్యండని అన్నది నేను. గట్టిగానే అన్నాను. మంచం మీదున్న సూర్యకుమారి విన్నది. వాకిట్లో ఉన్న సత్యానందమూ విన్నాడు.

శంకరం నా వైపు తిరిగాడు. దుప్పటి కిందనుంచి పిడికిలి పైకి వచ్చింది. వేళ్లు కొంచెం వదులయ్యాయి.

"అమ్మమ్మ చెప్పింది నిజమేనా నాన్నా? నీకు తెలియదా?"

దుర్గాంబ నన్నే చూస్తోంది. సుబ్రహ్మణ్యం గారు ఎండ గుమ్మం మీంచి ఎంత జరిగిందో చూసుకుంటున్నారు.

"తెలియదు," అన్నాను.

దర్భ నా చేతిలో పడింది.

సంచీ బిగిస్తున్న సత్యానందం చేతులు ఆగిపోయాయి. ఆయన మెల్లిగా లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ," అన్నాడు నా వైపే చూస్తూ. "ఆ రోజు వాకిట్లో నేనున్నానండి."